కూలిన ఊరిని మళ్లీ కట్టేటప్పుడు: పునాది నుంచి పైకప్పు దాకా

2010లో నెలన్నర తేడాతో రెండు పెద్ద భూకంపాలు వచ్చాయి. జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో, ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో. విడుదలైన శక్తిని బట్టి చూస్తే చిలీది వందల రెట్లు పెద్దది. అయినా అక్కడ చనిపోయినవారు వందల్లోనే ఉన్నారు. హైతీలో ఆ సంఖ్య లక్ష దాటిందని అంచనాలు. హైతీ భూకంప కేంద్రం రాజధానికి బాగా దగ్గరగా ఉండటం ఇందుకు ఒక కారణం. రెండో కారణం ఇళ్లు. చిలీలో 1930ల నుంచి చిన్న ఇళ్లకు కూడా గోడ చుట్టూ కాంక్రీటు కట్టు వేయడం అలవాటు. హైతీలో సిమెంటు దిమ్మెల గోడలు, బరువైన స్లాబు, సన్నటి పిల్లర్లు దేనికదే అన్నట్టు నిలబడ్డాయి. కదలిక వచ్చేసరికి విడిపోయాయి.

ఇల్లు కూలడం అంటే దాదాపు ఎప్పుడూ ఇదే: మూల దగ్గర రెండు గోడలు విడిపోవడం, గోడ నుంచి కప్పు లేచిపోవడం, పునాది కింద మట్టి జారిపోవడం. కింది దశలన్నీ ఆ అతుకులను పట్టి ఉంచడం గురించే. 23 సెం.మీ. గోడలతో కట్టే ఒక అంతస్తు ఇటుక ఇంటిని ఉదాహరణగా తీసుకున్నాం. రెండో అంతస్తుకు, కొండవాలుకు, మెత్తటి నేలకు ఇంజనీరు లెక్క తప్పనిసరి.

1. నిలబడి ఉన్నవాటిని ముందు చూడండి

కూలని ఇళ్లే మంచి పాఠం. ఏ గోడ ఎటు పడింది, ఏ కప్పు మిగిలింది అన్నది శిథిలాలు తీసేయక ముందే ఫోటో తీసి రాసిపెట్టుకోండి. తర్వాత ప్రతి ఇంటికీ రంగు గుర్తు వేయండి. లోపలికి వెళ్లవచ్చంటే ఆకుపచ్చ, సామాను తీసుకోవడానికి మాత్రమే వెళ్లాలంటే పసుపు, అసలు వెళ్లకూడదంటే ఎరుపు.

ప్లాస్టరులో వెంట్రుకవాసి పగుళ్లను చూసి భయపడనక్కర్లేదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా వెళ్లి, రెండు వైపుల నుంచీ ఒకదాన్నొకటి కోసుకునే పగుళ్లు ఉంటే గోడ బలం పోయినట్టే. మూలలో నిలువుగా, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే పగులు ఉంటే రెండు గోడలు విడిపోతున్నాయని అర్థం. ఏది అనుమానంగా ఉన్నా పగులు మీద అడ్డంగా అరచేతి వెడల్పున జిప్సం ముద్ద పూసి, పక్కన తేదీ రాయండి. తర్వాతి ప్రకంపనలకు ఆ ముద్ద చీలితే పగులు ఇంకా కదులుతోందన్నమాట. ఆ ఇంట్లో ఎవరినీ పడుకోనివ్వకండి.

శిథిలాల్లో పనికొచ్చేవి చాలానే ఉంటాయి. పగలని ఇటుకలు, రాళ్లు, తలుపులు, కలప తీసి పెట్టుకోవచ్చు. పగిలిన కాంక్రీటును నేల నింపడానికి వాడవచ్చు గానీ, పిల్లర్లలో కంకరగా వేయకూడదు. వంగిన ఇనుప చువ్వలను సుత్తితో సరిచేసి మళ్లీ వాడటం అన్నిచోట్లా కనిపించే తప్పు. ఒకసారి ఒంగి సాగిన చోట చువ్వ పెళుసుబారి ఉంటుంది. సముద్రపు నీరు ముంచిన ఇసుకలో ఉప్పు ఉంటుంది, అది లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఆస్‌బెస్టాస్ రేకులైతే తడిపి, విరగ్గొట్టకుండా విడిగా పెట్టాలి. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

2. తాత్కాలిక నీడ

విపత్తు సాయానికి రాసుకున్న అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల కప్పు కింద చోటు ఉండాలి. గుడారానికీ గుడారానికీ 2 మీటర్లకు తగ్గని ఎడం, ప్రతి 300 మీటర్ల నివాసాలకు ఒక 30 మీటర్ల ఖాళీ పట్టీ నిప్పు పాకకుండా ఆపడానికి. మరుగుదొడ్డి గుంట తాగునీటి బావికి 30 మీటర్లైనా దూరంగా ఉండాలి. తాత్కాలికం కోసం కొన్న రేకులు, కలప, బోల్టులు శాశ్వత ఇంట్లోకి మారేలా ముందే ఎంచుకోండి. లేదంటే ఉన్న డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

3. స్థలం

వరద ఎంత ఎత్తు వచ్చిందో గోడల మీది మురికి గీత చెబుతుంది. అది చెరిగిపోక ముందే లెవెల్ పైపుతో కొలిచి, కదలని ఏదైనా గుర్తు మీద పెయింటుతో రాయండి. వాలు మీద చెట్లు పక్కకు ఒరిగి ఉన్నా, నేలలో విల్లులా వంగిన పగుళ్లు కనిపించినా, ఇదివరకు లేని ఊట పుట్టినా ఆ వాలు జారుతోంది. నీరు పైపైనే తగిలే వదులు ఇసుక నేల పెద్ద కదలికకు బురదలా మారి ఇంటిని పక్కకు ఒరగబెడుతుంది. ఇలాంటి చోట ఎంత గట్టి గోడా కాపాడదు.

అయితే ఊరినే మరోచోటికి మార్చాలన్న ఆలోచనకు తొందరపడొద్దు. పని దొరికే చోటికి, నీటికి దూరంగా కట్టిన కాలనీలు ఖాళీగా పడి ఉంటాయి, జనం పాత చోటికే వచ్చి మళ్లీ అవే గోడలు లేపుకుంటారు. స్థలమే ప్రాణాంతకం అయితే తప్ప ఉన్నచోటే కట్టడం మేలు.

4. ఏ ప్రమాదానికి కడుతున్నారు?

చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఒక ప్రమాదానికి మందు మరొకదానికి విషం. వరదకు ఇంటిని పిల్లర్ల మీద ఎత్తితే నీరు కింద నుంచి పోతుంది. అదే ఇంటికి భూకంపం వస్తే కింద గోడలు లేని పిల్లర్లే ముందు విరుగుతాయి. గాలివానకు బరువైన స్లాబు మంచిది, భూకంపానికి తలమీది బరువు చెడ్డది. అందుకని రెండూ ఉన్న ప్రాంతంలో మధ్యేమార్గం వెతకాలి. వరద, భూకంపం కలిసి ఉన్నచోట పిల్లర్లకు బదులు గట్టిగా దిమ్మిస కొట్టిన ఎత్తైన మట్టి అరుగు మీద ఇల్లు కట్టండి. పిల్లర్లే కావాలంటే వాటి మధ్య ఏటవాలు బిగింపులైనా, అక్కడక్కడా నిండు గోడలైనా ఉండాలి. సునామీ లేదా ఉప్పెన వచ్చే తీరంలో పొడవాటి గోడలను అల వచ్చే దారికి అడ్డంగా కాకుండా దాని వెంట ఉంచండి.

5. నమూనా, గోడల లెక్క

ఆకారం దీర్ఘచతురస్రంగా, పొడవు వెడల్పుకు మూడు రెట్లు మించకుండా ఉండాలి. ఎల్ ఆకారం కావాలంటే రెండు విడి ఇళ్లలా కట్టి మధ్యలో సందు వదలండి.

తర్వాత గోడల లెక్క. భూకంపాన్ని ఆపేవి తమ పొడవు దిశలో వచ్చే తోపును తట్టుకునే నిండు గోడలు. రెండు దిశల్లోనూ విడివిడిగా, నిండు గోడల అడ్డకోత వైశాల్యం ఇంటి వైశాల్యంలో కనీసం 2 శాతం ఉండాలి. 6 మీటర్లు × 9 మీటర్ల ఇల్లు తీసుకోండి. వైశాల్యం 54 చదరపు మీటర్లు. అందులో 2 శాతం 1.08. గోడ మందం 0.23 మీటర్లతో భాగిస్తే 4.7 మీటర్లు. అంటే పొడవు దిశలో 4.7 మీటర్లు, వెడల్పు దిశలో మరో 4.7 మీటర్లు, తలుపులూ కిటికీలూ లేని గోడ ఉండి తీరాలి. నేల మెత్తన, ఇటుక నాసి అయితే 3 శాతం పట్టుకోండి, అప్పుడు 7 మీటర్లు అవుతుంది. రెండు వైపులా కాంక్రీటు కట్టు ఉన్న ముక్కలనే ఈ లెక్కలో వేయాలి.

వెడల్పు దిశలో ఈ లెక్క సులువుగానే తేలుతుంది. తేలనిది రోడ్డు వైపు గోడ. ముందంతా షట్టర్లు పెట్టి వెనక నిండు గోడ కడితే ఇల్లు వెనక గోడ చుట్టూ మెలి తిరుగుతుంది, ముందు మూలలు విరుగుతాయి. ఇంటి యజమాని ఎక్కువగా వాదించేది ఈ గోడ గురించే. కనీసం చెరో చివరన ఒక్కో నిండు ముక్క ఇవ్వకుండా ఒప్పుకోకండి. ఏ గోడలోనైనా తలుపు కిటికీల మొత్తం పొడవు సగానికి మించకూడదు. మూల నుంచి 45 సెం.మీ. లోపు, ఒక కిటికీకీ ఇంకోదానికీ మధ్య 60 సెం.మీ. లోపు వద్దు.

6. పునాది

గట్టి నేల తగిలేదాకా, ఎంత తక్కువైనా 75-90 సెం.మీ. లోతు తవ్వండి. ఎండితే నోళ్లు తెరిచే బంకమట్టి అయితే ఆ పగుళ్ల లోతు దాటాలి. నీటి ప్రవాహం పక్కన అయితే కోత పడే లోతు దాటాలి. పునాది మీద అన్ని గోడల కిందా తెగకుండా 15 సెం.మీ. ఎత్తున ప్లింత్ బీము అనే కాంక్రీటు దూలం, అందులో నాలుగు చువ్వలు. పిల్లర్ల చువ్వలు ఈ బీము పైన మొదలవకూడదు. పునాది కాంక్రీటు దాకా దిగి, అక్కడ 30 సెం.మీ.కు తగ్గకుండా అడ్డంగా వంగాలి.

వరద ప్రాంతంలో గది నేల 3వ దశలో గుర్తుపెట్టుకున్న వరద గీత కంటే 60 సెం.మీ. పైన ఉండాలి. అరుగు మట్టిని 15 సెం.మీ. పొరలుగా పోసి తడిపి దిమ్మిస కొట్టండి. ఒక్కసారిగా పోసిన మట్టి మొదటి వానాకాలానికే కుంగి నేలను పగలగొడుతుంది.

7. గోడ ముందు, పిల్లరు తర్వాత

మామూలుగా పిల్లర్లు పోసి మధ్యలో ఇటుక నింపుతారు. అప్పుడు గోడకూ పిల్లరుకూ మధ్య సందు ఉంటుంది, రెండూ వేర్వేరుగా ఊగుతాయి. ఇక్కడ వరస తిరగబడుతుంది. చువ్వలు నిలబెట్టి, గోడ కట్టి, ఆ గోడనే రెండు వైపుల సెంట్రింగుగా, అంటే కాంక్రీటు పోసే అచ్చుగా వాడుకుని పిల్లరు పోయాలి. కాంక్రీటు ఇటుక సందుల్లోకి దిగి పట్టుకుంటుంది. మేస్త్రీలకు పని పాతదే, వరస కొత్తది. పాత అలవాటు బలంగా ఉంటుంది కాబట్టి మొదటి ఇంటి దగ్గర ఎవరో ఒకరు నిలబడి చూడాలి.

ఇటుకను నీళ్లలో బుడగలు ఆగేదాకా నానబెట్టండి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది, అప్పుడు చేత్తో లాగితే ఊడొస్తుంది. మాలు 1:4 (సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు), సందు 10-12 మిల్లీమీటర్లు, రోజుకు 1.2 మీటర్లకు మించకుండా ఎత్తు. పిల్లరు వచ్చే అంచున ఒక వరస విడిచి ఒక వరస 5-6 సెం.మీ. లోపలికి వదలండి, రంపపు పళ్లలా ఉండాలి. కాంక్రీటు పోసే ముందు ఆ పళ్ల మీద పడిన మాలును తుడవండి, అడుగున పేరుకున్న ముక్కలను ఏరి నీళ్లు కొట్టండి. ఈ ఐదు నిమిషాల పని మానేస్తే పిల్లరు అడుగున, అంటే ఎక్కువ భారం పడే చోట, గుల్ల మిగులుతుంది.

పిల్లరు ప్రతి మూలలో, గోడలు కలిసే చోట, పెద్ద తలుపు కిటికీల రెండు పక్కలా. వాటి మధ్య దూరం 4 మీటర్లు దాటొద్దు. సైజు 23 × 23 సెం.మీ., 10 మిల్లీమీటర్ల చువ్వలు నాలుగు, వాటిని చుట్టి పట్టే 6 మిల్లీమీటర్ల రింగులు 15 సెం.మీ.కు ఒకటి. పైన కింద 60 సెం.మీ. మేర 10 సెం.మీ.కు ఒకటి.

రింగు చివరలను ఒకసారి దగ్గరగా చూడండి. చాలాచోట్ల మూలన 90 డిగ్రీలు వంచి వదిలేస్తారు, బయటికి చక్కగానే కనిపిస్తుంది. భూకంపంలో పైపొర కాంక్రీటు రాలగానే ఆ కొస తెరుచుకుంటుంది, చువ్వ బయటికి విల్లులా వంగుతుంది, పిల్లరు అక్కడే నలుగుతుంది. కొసను ఇంకో 45 డిగ్రీలు లోపలికి తిప్పి, మొత్తం 135 డిగ్రీల కొక్కెంలా, చివర 7 సెం.మీ. మిగిలేలా వంచితే అది పిల్లరు నడిమి కాంక్రీటులోకి దిగి ఊడిరాదు. వంగే బల్ల మీద రెండు మేకులు కొట్టుకుంటే పని తేలిక. వరుస రింగుల కొక్కేలను ఒకే మూలకు కాకుండా మారుస్తూ కట్టండి.

కాంక్రీటుకు 1:1½:3. ఒక 50 కిలోల బస్తా సిమెంటు సుమారు 35 లీటర్ల పెట్టె. దానికి ఇసుక ఒకటిన్నర పెట్టె, కంకర మూడు పెట్టెలు, నీళ్లు 25 లీటర్లు. ఇసుక తడిగా ఉంటే నీళ్లు తగ్గించాలి. పిల్లరు ఇరుకు కాబట్టి 12 మిల్లీమీటర్ల కంకర తీసుకోండి. పోయడానికి జారుడుగా ఉండాలని నీళ్లు పెంచడం ఈ పనిలో అన్నింటికన్నా ఎక్కువగా జరిగే మోసం, అది కూడా ఎవరికీ మోసమని అనిపించదు. నీరు ఎక్కువైన కాంక్రీటు ఎండాక లోపల సన్నటి రంధ్రాలతో మిగులుతుంది. జారుడు కావాలంటే చువ్వతో పొడవండి, పిల్లరును మీటరు, మీటరున్నర ఎత్తుల్లో పోయండి. తర్వాత 10 రోజులు తడి గోనెసంచి కప్పి ఉంచండి.

8. కట్టు పట్టీలు

గోడల మీదుగా అడ్డంగా, ఇంటి చుట్టూ తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీలు కావాలి. ప్లింత్ దగ్గర ఒకటి (6వ దశలోని బీమే అది), లింటెల్ ఎత్తున, అంటే తలుపు కిటికీల పైన, ఒకటి, కప్పు కింద ఒకటి. బలమైన కదలిక ప్రాంతంలో కిటికీ కింద ఇంకొకటి. కిటికీ ఉన్న చోట మాత్రమే లింటెల్ వేసి ఆపితే అది పట్టీ కాదు.

6 × 9 ఇంటికి, ఒక అడ్డగోడతో కలిపి, ఒక పట్టీకి సరుకు ఇలా లెక్కపడుతుంది. మొత్తం పొడవు 36 మీటర్లు. 23 సెం.మీ. వెడల్పు, 7.5 సెం.మీ. మందంతో 0.62 ఘనపు మీటర్ల కాంక్రీటు, దాదాపు 5 బస్తాల సిమెంటు. 10 మిల్లీమీటర్ల చువ్వలు రెండు, అతుకులతో కలిపి 80 మీటర్లు, 50 కిలోలు. 15 సెం.మీ.కు ఒకటి చొప్పున 6 మిల్లీమీటర్ల అడ్డు కడ్డీలు 240, సుమారు 19 కిలోలు. మొత్తం ఇంటి సరుకులో ఇదెంత? అయినా కోత పెట్టేటప్పుడు ముందు పోయేది ఇదే.

మూలల దగ్గర చువ్వ ఆగిపోతే పట్టీ ఉన్నా లేనట్టే. చువ్వను మూల తిప్పి అవతలి గోడలోకి 60 సెం.మీ. తీసుకెళ్లాలి. అతుకు పడితే అది కూడా 60 సెం.మీ., మూలకు దూరంగా. త్రికోణంగా లేచే పక్కగోడ పైభాగాన్ని ఇటుకతో కట్టొద్దు, ముందు పడేది అదే. రేకుతో మూయండి, లేదా నాలుగు వైపులా వాలే కప్పు వేయండి.

9. కప్పు

గాలి ఎంత లాగుతుందో లెక్కేస్తే బోల్టుల విషయంలో వాదన ఉండదు. సెకనుకు 50 మీటర్ల గాలి, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వేగంతో గుణించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బలం. రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోల చుట్టూ ఉంటుంది. 60 చదరపు మీటర్ల కప్పుకు 9 టన్నుల లాగుడు అన్నమాట. అంచుల్లో, మూలల్లో లాగుడు ఇంకా ఎక్కువ. తలుపు ఊడి గాలి లోపలికి వస్తే కింద నుంచి కూడా తోస్తుంది.

అందుకని వాలు 22 నుంచి 30 డిగ్రీలు, చూరు 45 సెం.మీ. లోపు. వరండా కప్పును ఇంటి కప్పుకు కలపకుండా విడిగా వేయండి, అది పోయినా ఇల్లు మిగులుతుంది. రేకు మందం 0.5 మిల్లీమీటరుకు తగ్గకూడదు. మేకులు వద్దు, 8 మిల్లీమీటర్ల జే-బోల్టులు, వెడల్పు వాషర్లతో. మధ్యలో ఒక మడత విడిచి ఒక మడతకు, అంచుల్లో, శిఖరం దగ్గర ప్రతి మడతకు.

రేకుకు బోల్టులు బాగా వేసి, వాసాన్ని గోడ మీద ఊరికే పెట్టేస్తే కప్పు మొత్తం ఒకే ముక్కగా లేచిపోతుంది. రేకు నుంచి దాని కింది అడ్డపట్టీకి, అడ్డపట్టీ నుంచి వాసానికి, వాసం నుంచి కప్పు కింది కాంక్రీటు పట్టీకి, అక్కడి నుంచి పునాదికి ప్రతిచోటా ఇనుప పట్టీనో బోల్టో ఉండాలి. వాసాన్ని పట్టే చువ్వలను పట్టీ పోసేటప్పుడే నిలబెట్టాలి. ఆ తర్వాత గుర్తొస్తే రంధ్రాలు తొలవాల్సి వస్తుంది. తీరంలో గాల్వనైజ్ చేసినవే (జింకు పూత వేసినవే) తీసుకుని ఏటా తుప్పు చూడండి.

10. రాయి, మట్టి, కలప

సిమెంటు దొరకని చోట పాత పద్ధతులను తీసిపారేయనక్కర్లేదు. అయితే 1993 సెప్టెంబరు 30 భూకంపానికి మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు లోపలి పొర, బయటి పొరగా విడిపోయి, పైన మట్టి కప్పు బరువుతో నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. రాతి గోడ కడితే 60 సెం.మీ. ఎత్తుకు, 1.2 మీటర్ల దూరానికి ఒకటి చొప్పున గోడ మందం అంతా దూరే పొడవాటి రాయి పెట్టాలి. అలాంటి రాయి దొరక్కపోతే కొక్కేలున్న చువ్వతో కాంక్రీటు దిమ్మె పోసుకోండి.

2005 అక్టోబరు 8 కశ్మీర్ భూకంపంలో ధజ్జీ ఇళ్లు, అంటే కలప చట్రాన్ని చిన్న చిన్న గడులు చేసి రాయి, మట్టి నింపినవి, ఊగి నిలబడ్డాయి. 2001 జనవరి 26 భూకంపంలో గుజరాత్‌లోని కచ్‌లో భుంగాలనే గుండ్రటి ఇళ్లు కూడా అంతే. 1755లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ భూకంపానికి కూలాక కొత్త ఇళ్ల గోడల్లో కలప చట్రం పెట్టించారు, నమూనా చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి పరీక్షించారని చెబుతారు. చట్రం పని చేసేది కలప అతుకు వల్లే, కాబట్టి చెద పట్టని చెక్క, నేల తడి తగలని రాతి అరుగు ముఖ్యం.

11. ఊరంతా కట్టేటప్పుడు

మొదట ఒకే ఒక ఇల్లు, అందరూ చూసేచోట, మేస్త్రీలందరి చేతా కలిపి కట్టించండి. గోడలకు ప్లాస్టరు చేయకుండా కొన్నాళ్లు ఉంచితే రింగులు, పళ్లు, పట్టీలు ఎక్కడున్నాయో గీసి చూపించవచ్చు. సాయం డబ్బును మూడు విడతలుగా, ప్లింత్ బీము అయ్యాక, లింటెల్ పట్టీ అయ్యాక, కప్పు బిగించాక ఇవ్వడం మంచి కట్టుబాటు. ప్రతి విడతకు ముందు కాంక్రీటు పోయక మునుపే చువ్వలు చూడాలి. పోశాక చూసేదేమీ ఉండదు. తనిఖీకి వచ్చేవారికి మూడు రోజుల గడువు పెట్టండి, లేకపోతే జనం ఆగలేక పోసేస్తారు.

ఇల్లు ఎటూ పెరుగుతుంది, కాబట్టి అది ఎటు పెరగాలో ముందే చెప్పండి. 2010 భూకంపం తర్వాత చిలీలోని కాన్‌స్టిట్యూసియన్ పట్టణంలో ఆర్కిటెక్టు అలెహాండ్రో అరవేనా బృందం సగం ఇల్లు పూర్తిగా కట్టి, మిగతా సగానికి చట్రం, కప్పు వదిలి, కుటుంబాలే నింపుకునేలా చేసింది. మీ నమూనాలోనూ పక్కగది వచ్చే చోట పునాదిని, ప్లింత్ బీమును ఇప్పుడే పోయండి. మేడ కోసమని పిల్లర్ల చువ్వలను పైకి వదిలి వెళ్తే అవి రెండు మూడు వానాకాలాల్లో తుప్పు పడతాయి. వదలక తప్పదంటే పలుచటి కాంక్రీటు పూసి మూయండి, పైన కట్టే రోజున పగలగొట్టి చువ్వ మందం కొలిచి, సన్నబడితే కొత్తది చేర్చి 60 సెం.మీ. కలిపి కట్టండి.